కథకుని గొంతు – సత్యజిత్ రాయ్ చిత్రములు

మనకు ప్రియమైన నవల ఏదైన చలనచిత్రముగా వచ్చినప్పుడు, చూచివచ్చినవారిలో పెక్కుమంది అనెడి మాట ఒక్కటే: "పుస్తకములో ఉన్నది ఇందులో లేదు." ఈ ఫిర్యాదులో నిజము లేకపోలేదు. అయితే లేకపోయినది ఏమిటని నిలదీసి అడిగినచో, ఒకరు ఏదో పాత్ర పేరు చెప్పుదురు. మరియొకరు ఏదో సన్నివేశమును చెప్పుదురు. నా ఉద్దేశములో అసలు పోవునది అవి కావు. పోవునది కథకుని గొంతు. ఒక గృహిణికి మధ్యాహ్నము పొద్దుపోవుట లేదని రచయిత ఒక్క వాక్యములో చెప్పి ముందుకు సాగిపోవును. ఆ వాక్యము ఏ పాత్రయు పలికినది కాదు. పాత్రలకును పాఠకునికిని నడుమ కూర్చుండి రచయిత తన సొంత గొంతుతో చెప్పినది. తెరమీద ఆ గొంతునకు చోటెక్కడ?

రేడియోలో కథలను నాటకములుగా మార్చెడి పనిలో ఉన్నవారికి ఈ చిక్కు నిత్యము ఎదురయ్యెడిదే. మాకు సులభమైన ఉపాయము ఒకటి కలదు. ఒక వ్యాఖ్యాతను నిలిపి, రచయిత చెప్పినదంతయు అతనిచేత చెప్పింతుము. శ్రోతకు కన్నులు మూతపడి యుండును గనుక అతడు క్షమించును. తెర ముందు కూర్చున్నవాడు అంత సులభముగా క్షమింపడు. కన్నులకు కనబడుచున్న దానిని మరల చెవిలో చెప్పినచో విసుగుకొనును. సత్యజిత్ రాయ్ 1955 మొదలు 1991 వరకు తీసిన చిత్రములలో అధికభాగము కథలనుండి, నవలలనుండి గ్రహించినవే. నేరుగా చిత్రము కొరకే కల్పించిన పెద్ద చిత్రములు 'కాంచన్‌జంఘా', 'నాయక్', 'శాఖా ప్రశాఖా' వంటివి వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియే. ఇంతకాలము ఇన్ని గ్రంథములతో కాపురము చేసిన దర్శకుడు ఆ కథకుని గొంతును ఏమి చేసినాడన్నదే ఈనాటి నా ప్రసంగవిషయము.

రాయ్ 1921 మే 2వ తేదీన కలకత్తాలో జన్మించినారు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి, తండ్రి సుకుమార్ రాయ్, ఇరువురును వంగదేశమున పిల్లలందరికిని ఇంటిపేరువలె తెలిసిన రచయితలు. తండ్రి 1923లోనే గతించినారు. శాంతినికేతనమున నందలాల్ బోసు ప్రభృతుల వద్ద కొంతకాలము చిత్రలేఖనము అభ్యసించి, 1943లో కలకత్తాలోని ఒక బ్రిటిష్ ప్రకటనల సంస్థలో చిత్రకారునిగా చేరినారు. అప్పుడే సిగ్నెట్ ప్రెస్సువారి పుస్తకములకు ముఖచిత్రములు వేయుటయు ప్రారంభమైనది. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల 'పథేర్ పాంచాలి'ని పిల్లల కొరకు సంక్షేపించి ఆ సంస్థ ప్రకటించినప్పుడు దానికి బొమ్మలు వేసినది రాయ్ గారే. ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని నాకు ముఖ్యముగా కనబడుచున్నది. బొమ్మలు వేయువాడు పుస్తకమును మనవలె చదువడు. ప్రతి పుటకును ఆగి, ఇందులో కంటికి కనబడునది ఏది, కనబడనిది ఏది అని వేరుచేసుకొనుచు చదువును. చిత్రము తీయుటకు ఎన్నో ఏండ్లు ముందుగనే ఆ నవల ఆయన చేతిలో ఆ విధముగా రెండుగా చీలిపోయినది.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ 'ది రివర్' చిత్రము నిమిత్తము కలకత్తా వచ్చినప్పుడు ఆయనతో పరిచయము కలిగినది. 1950లో ఉద్యోగరీత్యా లండను వెళ్ళి, అక్కడ ఇటలీవారి 'బైసికిల్ థీవ్స్' చూచినారు. వృత్తినటులు లేకుండ, వీధులలోనే చిత్రము తీయవచ్చునను ధైర్యము దానివలన కలిగినది. 1952 అక్టోబరులో, కాశపూలు విరియబూచిన పొలములో 'పథేర్ పాంచాలి' మొదటి దృశ్యము తీసినారు. ఉద్యోగము మానలేదు; సెలవుదినములలోనే పని. డబ్బు చాలక మాటిమాటికి ఆగిపోయి, తుదకు పశ్చిమబెంగాలు ప్రభుత్వము ఆదుకొనగా 1955లో విడుదలయైనది. మరుసటి యేడు కాన్ చిత్రోత్సవమున బహుమానము వచ్చినది. ఈ కథ అనేకులు అనేకసార్లు చెప్పియుండుటచేత నేను వేగముగా దాటిపోవుచున్నాను.

నేను ఆగదలచినది ఆ చిత్రములోని రెండు మూడు ఘట్టములవద్ద. అన్నిటిలోను ముందు చెప్పవలసినది దుర్గ మరణానంతరము తండ్రి హరిహరుడు ఊరినుండి తిరిగివచ్చు ఘట్టము. బిడ్డ పోయిన సంగతి అతనికి తెలియదు. నవలలో భార్య సర్వజయ విలపించుచు ఆ మాట తన నోటితోనే చెప్పును. చిత్రములో హరిహరుడు తాను తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపుచుండును. కూతురి కొరకు తెచ్చిన చీరను అందించును. సర్వజయ ఆ చీరను అందుకొని, ముఖమునకు అదుముకొని కుప్పకూలును. ఆమె నోరు తెరచుట మనకు కనబడును. ఏడుపు మాత్రము వినబడదు. దానికి బదులు తార్ షెహనాయి పైస్థాయిలో ఒక్క పెట్టున మ్రోగును. సంగీతము రవిశంకర్ గారిది. కమాను పెట్టి వాయించెడి ఆ వాద్యపు నాదములో మనుష్యుని గొంతు పోలిక కలదు. కాని అది మనుష్యుని గొంతు కాదు. శబ్దముతోనే జీవనము గడుపువాడను గనుక చెప్పుచున్నాను: నటి ఏడ్పును యథాతథముగా వినిపించియుండినచో మనము ఆమెను చూచి జాలిపడియుందుము. ఆమె గొంతు తీసివేయుటచేత అది ఒక్క సర్వజయ ఏడుపు కాకుండపోయినది.

మరియొకటి. దుర్గ బ్రతికియుండగా దొంగతనము చేసినదని పొరుగువారు నిందవేసిరి. తల్లి కొట్టినది. ఊరు విడిచిపోవు సమయమున తమ్ముడు అపు అటక వెదకుచుండగా ఆ దొంగసొత్తు దొరకును. నవలలో అది చిన్న బంగారు కుంకుమభరిణె. అపు దానిని వెదురుపొదలలోనికి విసరివేయును. రాయ్ దానిని పూసలదండగా మార్చి, పొదలకు మారుగా చెరువులో పడవేయించినారు. ఎందుకు మార్చినారో ఆ దృశ్యము చూచినవారికి చెప్పవలసిన పనిలేదు. దండ పడిన చోట నాచు చెదరి నల్లని నీరు కన్నువలె తెరచుకొనును. పిమ్మట ఆ నాచు మెల్లమెల్లగా తిరిగివచ్చి మూసికొనును. అక్క రహస్యమును తమ్ముడు ఎవరికిని చెప్పడని వాక్యములో చెప్పవలసినది చెరువు చెప్పినది. మారినది వస్తువు, స్థలము. ఆ పిల్లవాని మనస్సు మారలేదు.

రైలు సంగతి వేరు. నవలలో దుర్గ రైలు చూడకయే చనిపోవును; ఆ తీరని కోరిక పాఠకుని మనస్సులో ముల్లువలె నాటుకొనియుండును. చిత్రములో అక్కాతమ్ములిద్దరును కాశపూల నడుమ పరుగెత్తుదురు. తంతిస్తంభమునకు చెవి ఆనించి అందులోని హోరును విందురు. రైలు వచ్చుసరికి దుర్గ పడిపోయి వెనుకబడును, తమ్ముడు మాత్రము దగ్గరకు చేరుకొనును. ఈ మార్పువలన వంగపాఠకులు కొందరు నొచ్చుకొనినారన్నచో ఆశ్చర్యము లేదు. నాకును ఇక్కడ నవలయే గొప్పదిగా తోచును. కాని తంతిస్తంభపు హోరు ఉన్నదే, ఆ ఒక్క శబ్దమునకు నేను ఎన్ని పుటలైన ఇచ్చివేయుదును.

'అపరాజితో' 1956లో వచ్చి, మరుసటి సంవత్సరము వెనీసులో స్వర్ణసింహమును గెలుచుకొనినది. స్వదేశమున మొదటి చిత్రమునకు వచ్చిన ఆదరణ దీనికి రాలేదు. కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. తల్లి చనిపోయినదన్న వార్త విన్న క్షణమున కుమారుని మనస్సులో ముందుగా కలిగినది దుఃఖము కాదు, ఏదో బంధము తెగిన తేలికదనమని విభూతిభూషణుడు నవలలో నిర్మొగమాటముగా వ్రాసినాడు. ఈ అంశమే తన్ను ఆకర్షించినదని రాయ్ గారు చెప్పియున్నారు. పుస్తకములో చదివినప్పుడు ఎవరును కోపగించుకొనలేదు. అక్కడ రచయిత ప్రక్కన నిలిచి నచ్చజెప్పుచున్నాడు. తెరమీద ఆ నచ్చజెప్పు గొంతు లేదు. పట్టణపు చదువులో మునిగి ఇంటికి పోవుటకు సాకులు వెదకెడి కొడుకు, చెట్టు క్రింద కూర్చుండి అతని కొరకు రైలు శబ్దము వినుచుండెడి తల్లి – వీరిద్దరే ఉన్నారు. తల్లి పక్షమున మన మనస్సు పోవును, కొడుకు మనవంటివాడే యగుటచేత సిగ్గును కలుగును. గొంతు తీసివేసినందుకు దర్శకుడు చెల్లించుకొనిన మూల్యము ఇది.

ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి చెప్పి ముందుకు పోయెదను. వంగసాహిత్యమును మన తెలుగువారు సొంతము చేసికొనినంతగా ఇతరులు చేసికొనినారో లేదో నేనెరుగను. మనకు ఆ సాహిత్యమనగా ముందుగా శరత్ బాబు. 1953లో 'దేవదాసు', 1961లో 'బాటసారి' ఆయన రచనలనుండియే వచ్చినవి. అట్టి శరత్ బాబు నవలను ఒక్కదానినైన రాయ్ ముట్టుకొనలేదు! శరత్ బాబు పాత్రలు తమ వేదనను తామే పలుకగలవు. ఆ సంభాషణలు మన నటీనటుల నోట రాణించినవి. పాత్రలు పలుకనిచోటులందే రాయ్ గారికి పని. ఇది నా ఊహ మాత్రమే.

పలుకని పాత్రలు ఆయనకు రవీంద్రుని చిన్నకథలలో దొరకినవి. రవీంద్ర శతజయంతి సంవత్సరమైన 1961లో మూడు కథలను కలిపి 'తీన్ కన్యా'గా తీసినారు. తన చిత్రములకు తానే సంగీతము సమకూర్చుకొనుట కూడ ఇందులోనే మొదలు. మొదటి కథ 'పోస్టుమాస్టరు'. పల్లెకు వచ్చిన పట్నపు యువకునికి రతన్ అను అనాథబాలిక వంటపని, ఇంటిపని చేసిపెట్టుచు, అతనివద్ద అక్షరములు నేర్చుకొనును. అతడు ఉద్యోగము వదలి పోవుచున్నాడు. రవీంద్రుని కథలో ఆ పిల్ల తనను కూడ తీసికొనిపొమ్మని అడుగును. అతడు డబ్బు ఇవ్వబోగా కాళ్ళమీద పడి వలదని ఏడ్చి పరుగెత్తును. రాయ్ చిత్రములో రతన్ ఏమియు అడుగదు. నీళ్ళబాల్చీ మోసికొనుచు అతని ప్రక్కనుండియే నడచిపోవును, తలయెత్తి చూడదు. ఇచ్చుటకు చేత పట్టుకొనిన డబ్బుతో అతడు నిలబడియుండగా, లోపలినుండి ఆమె గొంతు వినవచ్చును. క్రొత్తగా వచ్చిన పోస్టుమాస్టరుతో నీళ్ళు తెచ్చితినని చెప్పుచున్నది, అంతే. రవీంద్రుడు కథ చివర మానవహృదయమును గురించి కొన్ని తాత్త్వికవాక్యములు వ్రాసినారు. వాటికి బదులుగా వచ్చినది ఈ పనిపిల్ల నోటి మాట. ఇందులో రవీంద్రునికి అపచారమేమైన జరిగినదా? నాకు తోచదు. పండ్రెండు పదమూడేండ్ల పిల్లకు ఆత్మగౌరవము కలదని ఆ కథయే మనకు చెప్పినది. రాయ్ ఆ మాటను ఇంకొక అడుగు ముందుకు నడిపినారు.

1901లో వెలువడిన 'నష్టనీడ్' కథను 1964లో 'చారులత'గా తీసినప్పుడు మాత్రము గొడవ చెలరేగినది. పత్రికాసంపాదకుడైన భర్త భూపతి, పనిలేక ఒంటరిగానున్న భార్య చారు, వారింటికి వచ్చిన భర్త వరుస తమ్ముడు అమల్. సాహిత్యాభిరుచి వలన చారు, అమల్ దగ్గరయగుదురు. కథారంభమున రవీంద్రుడు భూపతి స్వభావమును, అతడు గమనింపకుండగనే భార్య యౌవనవతి యగుటను పరిహాసముతో వర్ణించినారు. రాయ్ ఆ వర్ణననంతటిని ప్రక్కన బెట్టి ఏడు నిమిషములపాటు ఇంచుమించు మాట లేకుండ చిత్రమును నడపినారు. చారు రుమాలుమీద అక్షరము కుట్టుచుండును. పుస్తకము తీసి విడిచిపెట్టును. వీధిలో కోతినాడించువాని డమరుకము వినబడును; పల్లకీ బోయీల పదము వినబడును. ఆమె నాటకశాలలో వాడెడి దుర్బిణి తెచ్చుకొని, కిటికీనుండి కిటికీకి పరుగెత్తి వారిని చూచును. ఇంతలో భర్త పుస్తకములో తలదూర్చి ఆమె ప్రక్కనుండియే పోవును, ఆమె ఉన్నదని గమనింపడు. ఆమె అదే దుర్బిణితో ఆయన వీపును చూచును. వీధిలో పోవు అపరిచితులను, ఇంటిలో ఉన్న భర్తను ఒకే దుర్బిణితో చూడవలసివచ్చిన స్త్రీ స్థితిని ఇంకెవరు ఏ వ్యాఖ్యానముతో చెప్పగలరు? ఆ ఏడు నిమిషములను కన్నులు మూసికొని వినినను చారు ఇంటి నిశ్శబ్దము తెలియును. బయటి శబ్దములన్నియు స్పష్టముగా వినబడుటయే ఆ ఇంట మాట లేదనుటకు గుర్తు.

కథ ముగింపులో మైసూరు వెళ్ళనున్న భూపతి, తనను కూడ తీసికొనిపొమ్మని చారు వేడుకొనగా మొదట తటపటాయించి, పిదప రమ్మనును. అప్పుడు ఆమె ఒకే ఒక చిన్నమాటతో వలదనును. వంగపాఠకులకు ఆ మాట కంఠస్థము. చిత్రములో అది లేదు. ఇల్లు చేరిన భర్త గుమ్మములో ఆగును. చారు లోనికి రమ్మని చేయి చాచును. ఆయనయు చేయి చాచును. రెండు చేతులును కలియకముందే చిత్రము నిశ్చలమగును. ఆ పిమ్మట కథ పేరు అక్షరములలో ప్రత్యక్షమగును. మూలమునకు ద్రోహము జరిగినదని వచ్చిన విమర్శకు రాయ్ బెంగాలీ పత్రికలోనే సుదీర్ఘముగా సమాధానము వ్రాసినారు. ఒక్కొక్క ఘట్టమును తీసికొని, కథలో ఇది ఎట్లున్నది, ఎందుకు మార్చితిని అని న్యాయవాదివలె వాదించినారు. అంతటి ఓపికతో దర్శకుడు తన పాఠకత్వమును సమర్థించుకొనుట అరుదు.

తారాశంకరుని 'జల్సాఘర్', ప్రభాతకుమార్ ముఖోపాధ్యాయ 'దేవి', నరేంద్రనాథ్ మిత్రుని కథనుండి 'మహానగర్', సునీల్ గంగోపాధ్యాయ నవలలు రెండు, శంకర్ నవలలు రెండు, తాతగారి కథనుండి 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' – వీనిలో ప్రతిదానికిని ఒక ప్రసంగము కావలెను. వానిని విడిచి ప్రేమ్‌చంద్ వద్దకు వచ్చెదను. ఏలయన ఇక్కడ ఆయన ఒకే రచయితను రెండు విధములుగా చూచినారు.

1977లో వచ్చిన 'శతరంజ్ కే ఖిలాడీ'లో మార్పులు అపారము. ప్రేమ్‌చంద్ కథలో లక్నో జాగీర్దారులిద్దరును రాజ్యము పోవుచున్నను కదలక చదరంగమాడి, చివరకు చదరంగమునుగూర్చి కలహించి ఒకరినొకరు పొడుచుకొని చత్తురు. రాయ్ వారిని చంపలేదు. తుపాకి ప్రేలును, శాలువ చిరుగును, పిమ్మట సిగ్గుపడి మరల ఆటకు కూర్చుందురు – ఈసారి తెల్లవారి పద్ధతిలో. వాజిద్ అలీ షాకును, జనరల్ అవుట్రాముకును సంబంధించిన భాగము చాలవరకు ఆయన చేర్చినదే. పైగా 1856 నాటి అయోధ్యరాజ్య చరిత్ర చెప్పుటకు ఆయన వ్యాఖ్యాతను కూడ పెట్టుకొనినారు. ఆ గొంతు అమితాబ్ బచ్చన్‌ది. చరిత్ర చెప్పుటకు వ్యాఖ్యాత పనికివచ్చునని, మనస్సు చెప్పుటకు పనికిరాడని ఆయన నిర్ణయించుకొనినట్లు నాకు తోచినది. ఆ సంవత్సరమే మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలంగాణపు పల్లెకు తెచ్చి, 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీసినారు. ఒకే రచయిత ఒకే యేట ఇద్దరు వంగదర్శకుల చేతులలో ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు మాటలాడుట సంతోషింపవలసిన సంగతి.

నాలుగేండ్లకు, 1981లో, దూరదర్శన్ కొరకు 'సద్గతి' తీసినారు. టెలివిజను 1976 వరకు ఆకాశవాణిలోని ఒక భాగమే. పిదప వేరుకాపురము పెట్టినది. ఆ క్రొత్త సంసారమునకు ఇట్టి చిత్రము దక్కినందుకు రేడియోవారికి కొంచెము అసూయ కలిగినను తప్పులేదు. నిడివి గంటకు లోపు. దుఃఖీ అను చర్మకారుడు కూతురి నిశ్చితార్థమునకు ముహూర్తము పెట్టించుకొనుటకై పురోహితుని ఇంటికి పోవును. జ్వరముపడి లేచినవాడు, తిండి తినలేదు. పురోహితుడు అతనిచేత వాకిలి ఊడ్పించి, పొట్టు మోయించి, చివరకు పెద్దదుంగను చీల్చుమనును. దుంగ చీలదు. దుఃఖీ చనిపోవును. ఆ శవము బావికి పోవు దారిలో పడియుండుట అగ్రకులములవారికి ఇబ్బంది. అతని కులమువారు శవమును తీయరు. ఎవరును ముట్టుకొనరు. వాన కురియును. తెల్లవారుజామున ఎవరును చూడకుండ పురోహితుడు శవము కాలికి ఉచ్చువేసి, ఈడ్చుకొనిపోయి, పశువుల కళేబరములు పారవేయు చోట విడిచి, వచ్చి, ఆ స్థలమున పవిత్రజలము చల్లును.

ఇందులో రాయ్ మార్చినది అత్యల్పము. ప్రేమ్‌చంద్ కుమారుడు అమృత్ రాయ్ సంభాషణలలో తోడ్పడినారు. ఓం పురి, స్మితా పాటిల్, మోహన్ అగాషే నటించినారు. కథనే తన ఇష్టమువచ్చినట్లు తిరుగవ్రాసిన దర్శకుడు ఇక్కడ చేతులు ముడుచుకొనుటకు కారణమేమి? ప్రేమ్‌చంద్ ఈ కథలో తన గొంతును ముందే అణచుకొనినాడు. ఆయన జాలిపడడు, కోపపడడు, జరిగినది చెప్పుకొనిపోవును. తీసివేయవలసినది లేదు గనుక దర్శకుడు తీసివేయలేదు. చేర్చినదల్లా శబ్దము: దుంగమీద గొడ్డలి వేటు. ఆ దెబ్బ వినినవాడు మరువడు. మొదట ఎడము ఎడముగా, ఓపికగా పడుచుండును; చివరకు ఊపిరి తీసికొనుటకైన విరామము లేకుండ పిచ్చిగా పడును; తటాలున ఆగిపోవును. మనిషి చనిపోయినాడని మనము చూచుటకు ముందుగా వినుచున్నాము. గొడ్డలి మాత్రము దుంగలోనే చిక్కుకొనియుండును.

దీనికి ముందు యేడు, 1980లో, ఫ్రెంచి టెలివిజను నిమిత్తము తీసిన 'పికూ' ఇరువదియారు నిమిషముల చిత్రము. ఇది రాయ్ తాను వ్రాసిన కథయే. మూలములో అది ఒక పసివాడు అక్షరదోషములతో వ్రాసికొనిన దినచర్య. ఆ తప్పుల వ్రాతలోనే కథ యొక్క ప్రాణమంతయు ఉన్నది. పెద్దల రహస్యములను అర్థము తెలియక వాడు వ్రాసిపెట్టును. ఇతరుల గొంతులను తొలగించిన దర్శకుడు తన గొంతును మాత్రము దాచుకొనునా యని చూచినచో, దానిని అంతకంటె నిర్దయగా పారవేసినారు. చిత్రములో దినచర్య లేదు. పికూ తోటలో పూల బొమ్మలు వేయుచుండును. తల్లి గదిలో పరపురుషునితో ఉన్నది, తలుపు మూసియున్నది. తెల్లపువ్వునకు తెల్లరంగు లేదు, నల్లరంగు వేయుదునని వాడు బయటినుండి కేకవేసి చెప్పును. వాని అక్షరదోషములన్నియు ఆ ఒక్క కేకలో ఇమిడినవి.

1984లో వచ్చిన 'ఘరే బాయిరే' విషయమున నేను పలువురితో ఏకీభవింపలేను. రవీంద్రుని ఆ నవలను చిత్రముగా తీయవలెనని రాయ్ మొదటి చిత్రమునకు పూర్వమే తలపెట్టి, కథనము కూడ వ్రాసికొనియుండిరి. అప్పుడు సాగలేదు. ముప్పదియైదేండ్ల పిదప సాగినప్పుడు, 1983లో, గుండెజబ్బు వచ్చి, మిగిలిన పనిని తండ్రి సూచనలననుసరించి కుమారుడు సందీప్ ముగింపవలసివచ్చినది. చిత్రీకరణలో రాజసము కలదు, నటనలో లోపము లేదు. అయినను అది మాటల చిత్రము. ఆ నవల ముగ్గురి ఆత్మకథనములుగా, గొంతులతోనే కట్టినది. గొంతు తీసివేసినచో ఏమియు మిగులదు. అందుచేత రాయ్ వాటిని ఉంచినారు. విమల గొంతుతోనే చిత్రము మొదలగును. నిఖిలుడు, సందీపుడు గదిలో కూర్చుండి వాదించుచుండగా, నాకు మంచి రేడియో నాటకము వినుచున్నట్లుండెను. మావంటివారికి అది ప్రశంసయే. రాయ్ గారికి మాత్రము కాదు. నవలలో నిఖిలుని గతి అనిశ్చితముగా మిగులును; చిత్రములో శవము ఊరేగింపు వచ్చును, విమల తెల్లచీరలో కనబడును. అన్ని ఏండ్లుగా ముగింపులను తెరచియుంచిన చేయి ఇక్కడ తలుపు మూసినది.

అనారోగ్యము వలన తరువాతి యేండ్లలో బయటి చిత్రీకరణ తగ్గినది. 1985–86లో ఆయన కథలను సందీప్ దర్శకత్వమున దూరదర్శన్ ధారావాహికగా ప్రసారము చేసినది. 1989లో ఇబ్సెన్ నాటకమును వంగదేశమునకు తెచ్చి 'గణశత్రు' తీసినారు. 1992 ఏప్రిలు 23న ఆయన మరణించుటకు ముందటి యేడు వచ్చిన 'ఆగంతుక్' చివరిది. తాను పిల్లల కొరకు వ్రాసిన 'అతిథి' అను కథయే దానికి మూలము. ఎన్నో ఏండ్ల పిదప దేశదేశములు తిరిగి మేనకోడలి ఇంటికి వచ్చిన మేనమామ నిజముగా మేనమామయేనా, కాదా అని ఇంటివారు అనుమానపడుచుందురు. పిల్లవాడొక్కడే అతని కథలు నమ్మి వినుచుండును. ఆ ముసలివాని పాత్ర ధరించినది ఉత్పల్ దత్. అతడు మధ్యలో రెండు మూడు చరణములు కూనిరాగము తీయును. ఆ గొంతు ఉత్పల్ దత్‌ది కాదు. రాయ్ గారిదే.